మేస్త్రీగారి ఫౌండేషన్

కింద షట్టరు లేచిన చప్పుడు వినపడగానే మొదటి తిట్టు తిట్టడం టైలరమ్మకు అలవాటు. మొహం కడుక్కోవడం, టీ తాగడం, మిషనుకు దారం ఎక్కించడం ఎలాగో అదీ అలాగే.

"లేచావా తల్లీ? ఇవాళ ఎవరి కాలు విరగ్గొడదామని?"

"కాలుకు బదులు నీ నోరు విరిగుంటే వీధంతా సుఖపడేది!" అని కింద నుంచి పార్లరమ్మ అందుకునేది.

ఇద్దరూ తోడికోడళ్లు. పెద్దామె పై అంతస్తులో వీధివైపు గదిలో బట్టలు కుడుతుంది. చిన్నామె సరిగ్గా దాని కింద గదిలో బ్యూటీ పార్లర్ నడుపుతుంది. ఈ పలకరింపులు అయ్యేసరికి ఇల్లు లావుపాటి మనిషి కుర్చీలో కూలబడినట్టు ఒక నిట్టూర్పు విడిచి, వెంట్రుకవాసి కుంగేది. ఆ వీధిలో ఇళ్లు తగవులకు కుంగడం మామూలే. మంగలి, అతని కొడుకు తిట్టుకుని తిట్టుకుని తమ గడపను రోడ్డులో కలిపేశారు. అద్దెకు వచ్చేవాళ్లు ముందు మెట్లు ఎన్ని మిగిలాయో చూసుకుని, తర్వాతే తలుపు తట్టేవాళ్లు.

ఈ ఇంటి తగవు మెట్ల మీద మొదలైంది. టైలరమ్మ లోపలి మెట్లు దిగుతూ నూనె మీద కాలేసి జారిపడింది. అది పార్లర్ నూనే అని వాసన పట్టి మరీ చెప్పింది. "నా సీసా అడక్కుండా తీసుకెళ్లేది నువ్వే కదా, నువ్వే ఒలకబోసుకుని ఉంటావు" అంది పార్లరమ్మ. నిజమేమిటో ఎప్పటికీ తేలలేదు. మోకాలు మాత్రం బిగుసుకుపోయింది. ఆ తర్వాత టైలరమ్మ మెట్లు దిగింది లేదు. వీధిలోకి తాడు కట్టి బుట్ట వదిలేది. జనం అందులో బట్టలు వేస్తే పైకి లాక్కునేది. దారం కూడా వేరేవాళ్లు తెచ్చిపెట్టిందే. ఎర్రది తెమ్మంటే మెరూన్ తెచ్చేవాళ్లు, దానికీ కింద గదికే తిట్లు.

టైలరమ్మ మొగుడు తాపీమేస్త్రీ. ఇల్లు ఆయన చేతుల మీదే లేచింది. ఆయన మురిపెంగా నేర్చుకున్న ఇంగ్లీషు మాట ఫౌండేషన్. దాన్ని వాడని చోటు లేదు. కూరలో ఉప్పు తగ్గితే "వంటకు ఫౌండేషన్ లేదు" అనేవాడు. లారీ తోలే తమ్ముడు రేపొస్తానని వారానికి వస్తే "వాడి మాటకు ఫౌండేషన్ లేదు" అనేవాడు. ఆడవాళ్లు అరుచుకుంటుంటే నడిమెట్టు మీద నిలబడి, "అన్నదమ్ములం మేం ఫౌండేషన్. మీరు పై గోడలు. గోడలు కొట్టుకుంటే ఫౌండేషన్‌కేం కాదు" అనేవాడు.

"ఆ ఫౌండేషన్‌ను నమ్ముకునే నేను కుంటిదాన్నయ్యాను" అని పైనుంచి పెళ్లాం.

"బావగారూ, ఫౌండేషన్ అంటే నా దగ్గర సీసాలో ఉంటుంది. మచ్చల మీద పూసి, ఏమీ లేనట్టు చూపించడానికి. మీరు చేసే పనీ అదే" అని కింద నుంచి మరదలు.

ఇల్లు ఇంకాస్త దిగేది. మేస్త్రీ రోడ్డు మీదికెళ్లి కొలకర్ర పెట్టి చూసి, "ఫౌండేషన్ ఎక్కడికీ పోలేదు, కాస్త లోతుకు వెళ్లింది, అంతే" అని సర్దిచెప్పుకునేవాడు.

పార్లర్‌కు వచ్చేవాళ్లు ముందు తల వంచి రావాల్సి వచ్చింది, తర్వాత గోతిలోకి దిగినట్టు దిగాల్సి వచ్చింది. కిటికీలో చెట్లు పోయి చెప్పులు కనపడ్డాయి. పట్టపగలు లైటు వేసి కనుబొమలు తీర్చినా ఒకటి పైకి, ఒకటి కిందికి వచ్చేవి. ఒకామె అద్దం చూసుకుని ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం పార్లరమ్మ మెట్లెక్కి వచ్చింది. టైలరమ్మ పడిన రోజు తర్వాత ఆమె పైకి రావడం అదే మొదలు.

"అక్కా, ఇక చాలు. నా పని మూతపడేలా ఉంది. నువ్వొక మాట తగ్గు, నేనొక మాట తగ్గుతాను."

టైలరమ్మ జవాబు చెప్పబోయి బాల్కనీ వైపు చూసింది. రోడ్డు మీద నడిచే మనుషుల తలలు ఊచల ఎత్తులో కదులుతున్నాయి. బుట్ట దించక్కర్లేదు, చేయి చాస్తే చాలు. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే? ఆమె బిగుసుకుపోయిన మోకాలిని తడుముకుంది.

"తగ్గడమా? నూనె పోసిన చేతులతో సంధి చేసుకుంటానా? పోవే, వెళ్లి నీ గోతిలో పడుండు!"

పార్లరమ్మ మొహం నల్లబడింది. ఇల్లు నిట్టూర్చింది.

ఆ తర్వాత టైలరమ్మ తిట్లకు కోపంతో పనిలేకపోయింది. కోపం వచ్చినా తిట్టింది, రాకపోయినా తిట్టింది. చిన్నామె పుట్టింటిని తిట్టింది, నడకను తిట్టింది, నీడను తిట్టింది. కింద నుంచి జవాబు రాకపోతే, వచ్చేదాకా నేలను కర్రతో పొడిచింది. "ఎందుకే ఇంత విషం?" అని మేస్త్రీ ఒకసారి ఏడుపు గొంతుతో అడిగాడు. "మీరు కట్టింది మీరు చూసుకోండి, నేను కట్టేది నన్ను కట్టనివ్వండి" అంది.

చివరికి ఒకరోజు బాల్కనీ నేల రోడ్డుతో సమమైంది. మేస్త్రీ ఊచలు కోసేశాడు. టైలరమ్మ కర్ర పట్టుకుని, వంగని కాలును ముందు పెట్టి, వీధిలోకి నడిచింది. ఎండ మొహానికి చుర్రుమని తగిలింది. దారాల కొట్టుకెళ్లి, ఎర్రటి ఉండలన్నీ వెలుతురులోకి తిప్పి చూసి, తనకు కావలసిన ఎరుపు తనే ఎంచుకుంది. కొట్టువాడు విసుక్కున్నా ఊరుకుంది. వారం తిరక్కుండానే బాల్కనీలో మిషను పెట్టి, పైన బోర్డు వేలాడదీసింది. జనం కట్టలు కట్టలుగా బట్టలు తెచ్చారు.

కింది వాకిలి అప్పటికే మట్టిలో పూడిపోయింది. పార్లరమ్మ బయటికి రావాలంటే లోపలి మెట్లెక్కి, టైలరమ్మ గదిలోంచి రావడమొకటే దారి. బోర్డు వేలాడదీశాక రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి, చీర దుమ్ము దులుపుకుని, ఊచలు పోయి ఇప్పుడు వీధి గడపైన బాల్కనీ అంచు దగ్గర ఆగింది.

"దారికి అడ్డం తప్పుకో" అంది టైలరమ్మ.

"తప్పుకోను."

"సిగ్గులేని మొహమా, నా ఇంట్లో..."

ఇల్లు కదిలింది. రోడ్డు మీది మట్టి గడప దాటి మిషను కాళ్ల దాకా జారింది. టైలరమ్మ తిట్టు మధ్యలో ఆపి, ఆ మట్టిని కర్రతో వెనక్కి తోసింది. వీధి ఇప్పుడు గడప కంటే ఒక వేలెత్తు పైన ఉంది.

పార్లరమ్మ ఆ మట్టిని చూసింది, బిగిసిన మోకాలిని చూసింది, తర్వాత తాపీగా నవ్వింది.

"తిట్టక్కా. ఆపేశావేం? నేనెలాగూ గోతిలోనే ఉన్నాను. నువ్వనకపోతే నేనంటాను. మా అమ్మను తిట్టావు చూడు, దానికి బదులుగా ఇంటి కప్పు దాకా దించగలిగినన్ని మాటలు దాచుకున్నాను. మొదలుపెట్టనా?"

టైలరమ్మ వీధి వైపు చూసింది. బయట కొలతలివ్వడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఎండ రోడ్డంతా పరుచుకుని ఉంది.

"ఏం కావాలి నీకు?" అంది చాలా నెమ్మదిగా.

"నా కుర్చీ, నా అద్దం. ఈ వెలుతురులో సగం."

టైలరమ్మ కర్ర గోడకు ఆనించింది. మిషనును తనే పక్కకు ఈడ్చింది. దాని కాళ్లు నేల మీద కీచుమన్నాయి. పార్లరమ్మ కుర్చీ మోసుకొచ్చి వేసి, అద్దం తగిలించి, అందులోంచి తోడికోడలి కళ్లలోకి సూటిగా చూసింది.

టైలరమ్మ పళ్లు బిగబట్టి, పెదాలు సాగదీసి అడిగింది:

"చోటు సరిపోయిందా చెల్లీ?"

"సరిపోయిందక్కా."

ఆ మాటల్లో ప్రేమ చుక్కంతైనా లేదు. ఇల్లు మాత్రం నమ్మింది.