బెత్తెడు వెలుతురు

చెల్లెలి గదికి కిటికీ లేదు. తలుపు తెరవాలంటే కుట్టుమిషనును మంచం మీదికి ఎక్కించాలి. మిషను దించాలంటే తలుపు మూయాలి. పట్టపగలు బల్బు వెలిగించి సూదిలో దారం ఎక్కించుకునే ఆ గదికే జీతంలో సగానికి పైగా పోయేది. మునుపటి ఊళ్ళో ఆ అద్దెకు వరండా ఉన్న ఇల్లు వచ్చేది. పెద్ద ఊరు, పెద్ద దుకాణం, పెళ్ళి దుస్తులు ఒంటికి సరిచేసే పని అని మురిసిపోతూ మూడు నెలల కిందట పెట్టె సర్దుకుని వచ్చింది. ఇప్పుడేమో ఒకటో తారీఖు నుంచి అద్దె పెంచుతానని ఇంటాయన చెప్పేశాడు. పెంచినది ఇవ్వలేకపోతే గది పోతుంది; గది పోతే ఉద్యోగమూ పోయినట్టే.

అక్కకు మాత్రం కిటికీ ఉంది.

అలాంటిలాంటి కిటికీ కాదు, గోడలో సగం. ఆదివారం మధ్యాహ్నాలు చెల్లెలు వెళ్ళినప్పుడల్లా ఎండ నేల మీద చాపలా పరుచుకుని ఉండేది. అక్కది ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని. జీతం చెల్లెలి జీతం కన్నా తక్కువ. మరి ఈ ఇల్లు ఎలా కుదిరింది? అడిగితే "ఏదో అలా కలిసొచ్చిందిలే" అనేది. తలుపు వెనక కొక్కేనికి ఒక కోటు కూడా వేలాడేది. భుజాలు అక్క కొలత కన్నా రెండంగుళాలు వెడల్పు. కొలత చూసుకోకుండా కోట్లు కొనేంత తీరుబడి అక్కకు వచ్చేసిందన్నమాట! ముందు పుట్టింది అక్క, ముందు నడిచింది అక్క, ముందు ఈ ఊరొచ్చింది అక్క. వెలుతురు కూడా ముందుగా అక్కకే వడ్డించారా?

ఒక ఆదివారం సిగ్గు చంపుకుని అడిగింది.

"అక్కా, ఒక మూల ఇవ్వు చాలు. మిషను, నేను. అద్దె చెరిసగం వేసుకుందాం."

"కుదరదే, సూదీ."

సూది అన్నది చిన్నప్పుడు అక్క పెట్టిన పేరే. మాటలతో గుచ్చుతుందని.

"ఇంత ఇంట్లో కుదరదా?"

"కుదరదంటే కుదరదు. అది సరేగానీ, ఈ కిటికీకి పరదాలు కుట్టిపెట్టవే. మందంగా, నల్లగా. పిసరంత వెలుగు కూడా రాకూడదు."

చెల్లెలు టేపు తీసి కిటికీ కొలిచింది. కొలుస్తున్నంతసేపూ చెవుల్లోంచి ఆవిర్లు. ఉన్నవాళ్ళకే కదా వద్దనే భోగం! తనకు గోరంత దొరికితే కళ్ళకద్దుకునే వెలుతురును ఈవిడ గుడ్డ కప్పి దాచిపెడుతుందట.

ఆ వారమంతా బల్బు కింద కూర్చుని నల్లగుడ్డ కుట్టింది. రెండు పరదాలు నడుమ కలిసే చోట, ఒక్కోదాన్ని రెండేసి వేళ్ళు లోపలికి ఎక్కువ మడిచింది. రెండూ రెండూ నాలుగు; బెత్తెడు. ఎంత లాగినా ఆ బెత్తెడు మూసుకోదు. అక్కసుతో చేసినా గుడ్డకు కత్తెర వేయలేదు. అది చేతి అలవాటు. దుకాణంలో ఎవరి దుస్తులు బిగించినా గుడ్డ కోయరు, మడతలో దాస్తారు. రేపు ఒళ్ళు చేస్తే వదలడానికి ఉండాలి కదా. పరదాకు ఒళ్ళు రాదని ఆమెకూ తెలుసు. చేతికి తెలియదు.

పొట్లం కట్టి ఇచ్చింది. అక్క ముద్దు పెట్టుకున్నంత పని చేసింది. చెల్లెలు తల తిప్పుకుంది.

బుధవారం మధ్యాహ్నం దుకాణం వాళ్ళు ఒక గౌను అందించి రమ్మని అక్క ఉండే వైపే పంపారు. పని ముగించుకుని ఆ వీధిలోకి తిరిగింది. అక్క పనికి పోయి ఉంటుంది. కింద నిలబడి తన బెత్తెడును ఒకసారి చూసుకుని పోదామని ఆమె ఆశ. తలెత్తింది. మండే ఎండలో పరదాలు మూసి ఉన్నాయి. బెత్తెడు సందులో ఎవరో కదిలారు. మెట్లెక్కి తలుపు తట్టింది.

అక్క తలుపు తీసింది. నుదుటికి తువ్వాలు, కళ్ళు చింతనిప్పులు.

"ఈ వేళప్పుడు నువ్వేంటే?"

"నువ్వేంటి? పనికి పోలేదా?"

"రాత్రి పోతా. నాది రాత్రి డ్యూటీ. పగలే నిద్ర. నిద్ర పోనిచ్చిందా నీ పరదా! సరిగ్గా కంట్లోకి దిగుతోంది వెలుగు. కొత్త ఊరి కంగారులో కొలత తప్పావేమోలే అనుకున్నా."

గది చీకటిగా ఉంది. చాపంత ఎండ లేదు. నిలువునా ఒక్క చార, దిండు మీద. గుమ్మం పక్కన అక్కవి కాని చెప్పులు. కొక్కేనికి ఆ వెడల్పు భుజాల కోటు.

"ఇవెవరివి?"

అక్క మంచం అంచున కూలబడింది.

"స్టేషనులో టికెట్లిచ్చే అమ్మాయివి. రాత్రి ఇల్లు తనది, పగలు నాది. మంచం ఒక్కటే. తను లేస్తుంది, నేను పడుకుంటా. పక్క చల్లారే తీరికే లేదనుకో."

"మరి ఆదివారాలు?"

"ఆదివారం నువ్వొస్తావని నిద్ర మానుకుని కూర్చుంటా. అప్పటికి తను డ్యూటీలో ఉంటుంది. తన సామానంతా ఆ బీరువాలో దాస్తా, ఈ కోటొక్కటే పట్టదు." దిండు మీది చారను అరచేత్తో కప్పింది. "తనకు బదిలీ అయింది. ఒకటో తారీఖు నుంచి రాత్రి వాటా ఖాళీ. నిన్నడుగుదామని మొన్ననే నోటిదాకా వచ్చింది."

"అడగలేదేం?"

"అడిగితే నీకంతా తెలిసిపోతుంది కదే! ఇంటి నిండా కిటికీ అని ఊరంతా చాటుకున్నదాన్ని."

చెల్లెలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అంటే కిటికీ ఉన్న ఇంట్లో నాకు చీకటి వాటానా? ఇప్పుడు కూడా మంచిది నీకే!"

"పగలంతా కళ్ళు మూసుకునేదానికి మంచీ చెడ్డా ఏంటే, మొద్దూ!"

చెల్లెలు పరదా అంచు పట్టుకుని నిలబడింది.

"కొలత తప్పలేదక్కా. కావాలనే మడిచాను."

అక్క ఆమెను తేరిపార చూసింది. తువ్వాలు విప్పి, మళ్ళీ కట్టుకుంది.

"రెండేసి వేళ్ళేనా? నేనైతే జానెడు మడిచేదాన్ని. పట్టపగలు మెలకువగా ఉండే ఉద్యోగం నీది. నిన్ను చూస్తే నాకెంత మంటో నీకేం తెలుసు?" అని గోడవైపు తిరిగి పడుకుంది. నిమిషంలో గురక.

చెల్లెలు సంచిలోంచి సూది తీసింది. ఒక పరదా మడత విప్పుతుంటే దాచిన గుడ్డ మెల్లగా బయటికొచ్చింది. అంతలో అక్క నిద్రలో ఇటు దొర్లింది. మిగిలిన రెండు వేళ్ళ వెలుతురు ఆమె రెప్పల మీద పడింది. చెల్లెలు లేచి, ఆ సందుకు వీపు ఆనించి కిటికీ గట్టు మీద కూర్చుంది. తన నీడ అక్క ముఖాన్ని కప్పింది. పరదాను ఒళ్ళోకి లాక్కుని, చేతివేళ్ళ తడుముడుతోనే రెండో మడత విప్పసాగింది.

వీపుకు ఎండ వెచ్చగా తగులుతోంది. ఇక్కడికి మారినా ఈ పగటి వెచ్చదనం రోజూ అక్కదే కదా అని మనసు మళ్ళీ చురుక్కుమంది. అయినా ఆమె పక్కకు జరగలేదు.