కొత్త గ్యాసు

మా ఆయన జేమ్స్, మా తమ్ముడు థామస్ ఇద్దరూ రాజాంలో ఏసీ మెకానిక్కులు. రెండు వేల పదహారు వేసవిలో విశాఖపట్నంలో కొత్త గ్యాసు మీద శిక్షణ పెట్టారు. నడివేసవిలో మా రిపేరు కొట్టు మూస్తే జనం ఊరుకోరు కాబట్టి మా ఆయన ఒక్కడే వెళ్లాడు.

తిరిగొచ్చాక భోజనాల దగ్గర పాఠం మొదలైంది. పాత గ్యాసు గాల్లోకి వదిలితే భూమి వేడెక్కుతుందట. సర్కారు దాన్ని మెల్లమెల్లగా ఆపేస్తుందట.

"ఇల్లు సల్లబరిసీది లోకాన్ని ఏడెక్కిస్తాదేటి బావా?" అన్నాడు థామస్. వాడితోపాటు నేనూ నవ్వాను.

"నవ్వుతావేటిరా. కొత్త గ్యాసు ఆకాశానికి మంచిదే గానీ అంటుకుంటాది. ఏసీ బయటి పెట్టి మీద మంట బొమ్మ ఉంటాది. అది సూసుకోకుండా అతుకులేసీ మంట టార్చి ఎలిగించకు."

థామస్ మొండివాడే గానీ, బావ మాట జవదాటడు. అయినా ఆ జూన్‌లో ఓ బట్టల కొట్టు వెనక ఇరుకు సందులో ఏసీ బాగుచేస్తూ ఒళ్లు కాల్చుకున్నాడు. గొట్టం కారుతోందని ఉన్న గ్యాసు వదిలేసి, అతుకు వేయడానికి టార్చి వెలిగించాడు. పాత గ్యాసైతే ఏమీ అయ్యేది కాదు. ఇది భగ్గుమంది.

శ్రీకాకుళం ఆస్పత్రిలో ముఖానికీ చేతులకీ కట్లు కట్టారు. చేతులు బాగవుతాయి గానీ కుడికన్ను ఇక కనిపించదన్నాడు డాక్టరు. నాకు ఎవరినో ఒకరిని పట్టుకుని తిట్టాలనిపించింది. దొరికింది వాడే.

"మీ బావ సెవినిల్లు కట్టుకుని సెప్పినాడు గదరా. కళ్లు నెత్తికెక్కినాయేటి?" అనేశాక నాలుక కరుచుకున్నాను.

"సూసినానక్కా. పెట్టి నిండా పసుపు రాసి బొట్లెట్టీసినారు. అడుగున బొమ్మ ఉన్నాదో నేదో తెలీనేదు."

"తుడిసి సూడొచ్చు గదరా."

"మనం సర్చికెల్లీవోలం. ఆల్లు పూజ సేసుకున్న బొట్టు మనం తుడిసీస్తే బాగుంటాదేటి? పాత గ్యాసే అయ్యుంటాదనుకున్నాను."

మా ఆయన వరండాలోకి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆ కొట్టు యజమానురాలు భాగ్యవతమ్మ వచ్చింది. ఆవిడ మీద విరుచుకుపడదామని లేచి, వాడు చెప్పినదంతా చెప్పేశాను. కొత్త మెషీను కదా అని ముచ్చటపడి తనే పసుపు రాసిందట. వింటూ వింటూ ఆవిడ మంచం పక్కనే నేల మీద కూలబడింది.

"ఒక్క మాట అడగనేకపోనావా బాబూ. నేనే తుడిసీదాన్ని."

"మల్లీపాలి అడుగుతానమ్మా," అన్నాడు థామస్.

అప్పుడూ వాడి గొంతులో మర్యాదే. నాకు దుఃఖం ఆగలేదు.