యాదమ్మ పేరు మీద సూది

లావణ్యను టీకా వరసలోంచి బయటికి లాగినప్పుడు నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. కళ్లారా చూశాను కాబట్టి చెప్తున్నాను. ఇవాళ నా మాట వినడానికి చదువుకునే పిల్లలు వచ్చారు, పక్క ఆసుపత్రుల పనివాళ్లూ వచ్చారు. నాకు ఉపన్యాసాలు రావు. జరిగింది జరిగినట్టు చెప్తాను, దగ్గొస్తే కాసేపు ఆగుతాను.

వానలు మొదలయ్యాక మా ఆసుపత్రిలో ఫ్లూ జ్వరాల వార్డు నిండిపోయింది. మంచాలు చాలక కింద పరుపులేశారు. టీకాకేమో ఊరంతా కరువు. నాలుగు వందల మంది పనిచేసే చోటికి అరవై సూదులొచ్చాయి. డాక్టర్లకు వేశారు, నర్సులకు వేశారు. మంచిదే, వాళ్లూ రోగుల మీదికి వంగి పనిచేసేవాళ్లే. ఆ తర్వాత అద్దాల గదిలో కాగితాలు రాసేవాళ్లను పిలిచారు. వాళ్లు రోగి మొహం చూసి ఎన్నేళ్లయిందో. ఆ వరసలోనే లావణ్య నిలబడింది. ఆమెకు ఏడో నెల. జ్వరం వార్డులో కళ్లె తుడిచేదీ, చెమట దుప్పట్లు మూటకట్టేదీ ఆమే.

సూపర్‌వైజర్ అతుల్ వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమెను వదిన వరసలో వైనీ అని పిలుస్తాడు.

"నువ్ హాస్పిటల్ స్టాఫ్ కాదు వైనీ. ఠేకేదార్ మనిషివి. లైన్ల నిలవడొద్దు."

"మరి ఠేకేదార్‌నే ఇయ్యమను."

"టెండర్ల రాసి లేదు."

అతుల్ కూడా ఆ ఠేకేదార్, అదే కాంట్రాక్టర్, మనిషే. కానీ వాడి భుజానికి అప్పటికే దూది అంటించి ఉంది. కామాఠీపురాలో మా గల్లీలోనే పుట్టాడు, వాళ్లమ్మా నేనూ ఒకే వార్డులో చీపురు పట్టాం. నాకు ఒళ్లు మండింది. అయినా నేనూ వరసలోంచి తప్పుకుని చీపురు అందుకున్నాను. ఇరవై రెండేళ్లుగా అదే అలవాటు.

మర్నాడు పొద్దున్నే మా చాల్‌లో, ఆ వరస గదుల మేడలో, నల్లా దగ్గర మాట్లాడుకున్నాం. మాకు మీటింగంటే అదే. నీళ్లొచ్చే గంటలో అందరూ దొరుకుతారు. మిల్లులున్న రోజుల్లో యూనియన్‌లో తిరిగిన శంకర్రావు మామ మెట్ల మీద కూర్చున్నాడు.

"ఎవరెవరు ఏ వార్డుల చేస్తున్నరో లిస్టు రాయుండ్రి. పెద్ద డాక్టర్ చేతుల పెడదాం," అన్నాడు.

"రాస్తే ఉన్న పని పోతది," అంది పెంటమ్మ. ఆమె మాలో అందరికన్నా పెద్దది. "మోకాళ్లు నొస్తున్నయి. ఈ లొల్లి నాతోని గాదు."

"నీకు జొరమొస్తే ఏం జేస్తవ్?" అన్నాను.

"పండుకుంట. నా కార్డు ఏస్కొని మా కోడలొస్తది."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మాలో పని కార్డు వెంట నడుస్తుంది. అత్తకు చేతకానప్పుడు కోడలు అదే కార్డు మెడలో వేసుకుని వెళ్తుంది. ఫొటో మాసిపోయి ఉంటుంది, ఎవరూ చూడరు. కొత్త కార్డు అడిగితే ఆ చోటు కాంట్రాక్టర్ ఇంకొకరికి ఇచ్చేస్తాడు. లావణ్య మెడలో ఉన్నది రెండేళ్ల కింద చనిపోయిన ఆమె అత్త యాదమ్మ కార్డు. నా మెడలో ఉన్నది మా అత్త రాములమ్మది. ఆసుపత్రిలో రాములమ్మా అని పిలుస్తారు, నేను పలుకుతాను.

ఆ అలవాటు కొద్దీ లిస్టులోనూ కార్డు పేర్లే రాశాం. ముప్పై ఒక్క పేర్లు. వద్దు వద్దంటూనే పెంటమ్మ కూడా రాయించుకుంది. ఒక్కరికీ అది తప్పని తోచలేదు, శంకర్రావు మామతో సహా.

పెద్ద డాక్టర్ లిస్టు చదివి కంప్యూటర్‌లో చూడమన్నాడు. అద్దాల గది మనిషి చూసి నవ్వు ఆపుకుంటూ, ఈ యాదమ్మ మన మూడో అంతస్తులోనే చనిపోయింది సార్ అన్నాడు. పెద్ద డాక్టర్ కాగితాన్ని మావైపు తోశాడు.

"బతికున్నవాళ్లకే మందు చాలడం లేదు. చచ్చినవాళ్లకూ అడుగుతారా?" అన్నాడు హిందీలో.

లావణ్య పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నేల చూసింది. సిగ్గుతో చచ్చిపోయాం. ఫోరస్ రోడ్డు మీదుగా ఇంటికి నడిచాం. ఇక ఈ లిస్టుల లొల్లి నావల్ల కాదనుకున్నాను, ఆ మాట దాచుకోను.

వారం తిరక్కుండా పెంటమ్మకు జ్వరమొచ్చింది. తను తుడిచిన వార్డులోనే మూలమంచం ఇచ్చారు. అన్నట్టే ఆమె కార్డు వేసుకుని కోడలు నీత డ్యూటీకి వచ్చింది. మంచం మీద అత్త ఊపిరందక ఎగపోస్తుంటే, మంచం కింద కోడలు తుడిచేది. ఐదో రోజు మధ్యాహ్నం పెంటమ్మ పోయింది. ఆ రోజు అతుల్ హాజరు పుస్తకంలో పెంటమ్మ హాజరు అని ఉంది. నీత నాకు ఆ పేజీ చూపించింది. ఏడవలేదు. "అక్కా, ఇది ఎట్ల?" అని మాత్రం అడిగింది.

మట్టి చేసొచ్చిన మర్నాడు నల్లా దగ్గర ఎవరూ పిలవకుండానే అందరూ చేరారు.

"పని బంద్ చేద్దాం," అంది నీత.

"వార్డుల ఉన్నది మనసొంటి పేదోళ్లే గదా. వాళ్లు మురికిల పండాల్నా?" అంది లావణ్య.

చాలాసేపు వాదించుకున్నాం. బిందెలు నిండి పొర్లిపోయాయి. చివరికి, రోగులకు బెడ్‌పాన్ పెట్టడానికి ఇద్దరిద్దరం వెళ్దామనీ, అద్దాల గదికి మాత్రం చీపురు తగలకూడదనీ తేల్చుకున్నాం. పెంటమ్మ లేదు, నీత చేరింది. మళ్లీ ముప్పై ఒక్క మందిమే.

పెద్ద డాక్టర్ గది ముందు కార్డులు తీసి కుప్పపోశాం. కింద కూర్చుని ఒక్కొక్కరం సొంత పేరు చెప్పాం, వెనకే వార్డు పేరు. అతుల్ వచ్చి నా పక్కన వంగాడు. నన్ను పిన్ని వరసలో మౌషీ అంటాడు.

"మౌషీ, కార్డు ఇడిస్తే పని ఖతం. సమఝ్‌తే నై క్యా?"

"సమజైందిరా. ఇరవై రెండేండ్లకు సమజైంది."

మధ్యాహ్నానికి అద్దాల గది చెత్తబుట్టలు పొంగిపోయాయి. పెద్ద డాక్టర్ బయటికొచ్చాడు. ఐదు సూదులే మిగిలాయట, పై అధికారుల కోసం ఆపారట. కడుపుతో ఉన్న మనిషికి ఒకటి ఇస్తాను, మిగతావాళ్లు లేవండి అన్నాడు.

లావణ్య నావైపు చూసింది. "నేనొక్కదాన్నే ఎట్ల ఏసుకోవాలె అక్కా?"

"ఏసుకో. నువ్వు ఇద్దరివి. మేం లేస్తమని ఎవరన్నరు?"

మనాలి సిస్టర్ ఐస్ పెట్టె తెచ్చింది. పేరు అడిగింది. లావణ్య తన పేరే చెప్పింది. సిస్టర్ సూది వేసి, ఇది పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా ఆమెను జ్వరం వార్డుకు పంపొద్దని అతుల్‌కు గట్టిగా చెప్పింది.

"అయిపోయిందిగా, లేవండి," అన్నాడు పెద్ద డాక్టర్.

మేం లేవలేదు. ఇంకా ముప్పై మందిమి ఉన్నాం. సాయంత్రం నాగ్‌పాడా వైపు నుంచి పోలీసు బండి వచ్చింది, మమ్మల్ని ఎక్కించారు. లావణ్య ఆసుపత్రి గేటు దగ్గర భుజానికి దూది అదుముకుని ఏడుస్తోంది. ఇంటికి పో, కాళ్లు చాపుకుని పడుకో అని బండిలోంచి అరిచాను.

స్టేషన్‌లో అందరం గోడకు ఆనుకుని కూర్చున్నాం. నడుములు పడిపోయాయి. నాకప్పటికే ఒళ్లు వెచ్చబడుతోంది. కానిస్టేబుల్ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చి పేరు అడిగాడు. నోటిదాకా రాములమ్మ అనే వచ్చింది. మింగేశాను.

"రత్నాబాయి," అన్నాను.

"పని?"

"జ్వరం వార్డు తుడుస్తా. సూది ఇంకా ఎయ్యలేదు. అది గూడ రాస్కో."