తెర ఆరిన వేళలు

సీతామహాలక్ష్మి లేచి రేష్మా బల్ల వైపు అడుగు వెయ్యబోతే చాలు, ఆ పిల్ల ముందున్న రెండు తెరలూ నల్లబడేవి. ఒకటి, రెండు అనేలోపు మళ్లీ వెలిగేవి. వెలిగాక ఉండాల్సిందే ఉండేది, ఏ హారమో, ఏ జుంకాల జతో. ఇంత చప్పున సర్దుకోవడం అలవాటైన చేతికి తప్ప రాదని ఆవిడ తీర్మానించుకుంది.

బందరులో రోల్డ్‌గోల్డ్ నగలకి అచ్చులు కొట్టేవాళ్లూ, రాళ్లు అతికేవాళ్లూ, పూత వేసేవాళ్లూ వీధికి పదిమంది దొరుకుతారు. కొత్త నగని కంప్యూటర్లో గీసే మంచి చెయ్యి మాత్రం దొరకదు. సీతామహాలక్ష్మికి ఏడేళ్ల కిందట దొరికింది. అవనిగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చే రేష్మా గీతలమీదే ఆవిడ వ్యాపారం నిలబడి ఉంది. ఆ పిల్ల పోతే తన పని అంతేనని ఆవిడకి లోపల్లోపల భయం. భయం ఉన్నచోట అనుమానానికి చాప వెయ్యక్కర్లేదు, అదే వచ్చి కూర్చుంటుంది.

దానికి విత్తనం గుడివాడలో పడింది. తాము ఇంకా బజారులోకి వదలని మామిడిపిందెల హారం అక్కడొక కొట్టు అద్దాల్లో వేలాడుతోందని చుట్టాలావిడ ఫొటో పంపింది. ఆ హారం నమూనాని సీతామహాలక్ష్మే మెళ్లో వేసుకుని గుడివాడలో ఓ పెళ్లికి వెళ్లింది. రెండు రోజులపాటు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపించి మరీ తిరిగింది. ఆ సంగతి ఆవిడకి తట్టనేలేదు, రేష్మాయే గీతలు అమ్ముకుంటోందని మాత్రం తట్టింది. ఊళ్లోవాళ్ల తప్పులు వేళ్లమీద చెప్పగల మనిషికి తన తప్పొక్కటీ గుర్తు రాదు.

తెరలు ఆరడం కూడా ఆ వారంలోనే మొదలైంది.

"నేను లేస్తేనే ఆరిపోతాయేంటమ్మా అవి?" అని ఆవిడ అడిగింది.

"అదే అర్థం కావట్లేదండీ. డాక్‌లో ఏదో తేడా ఉంది" అంది రేష్మా.

డాక్ అంటే అరచెయ్యంత డబ్బా. ల్యాప్‌టాప్‌కి ఒక్క తీగ గుచ్చితే, రెండు మానిటర్లూ కీబోర్డూ దాని మీదే నడుస్తాయి. రెండు బల్లల మధ్య నడుమెత్తు చెక్క అడ్డం ఉంది. దానికి అటుపక్క ఆనుకుని డాక్ ఉంటుంది. ఇటుపక్క, మోకాళ్ల నొప్పులకని ఆ మధ్యే కొనుక్కున్న చక్రాల కుర్చీలో సీతామహాలక్ష్మి ఉంటుంది.

బస్టాండు దగ్గర రిపేరు కొట్టు పెట్టుకున్న ఆంజనేయులు వచ్చాడు. తీగ మార్చాడు. సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించాడు. ప్లగ్గు తీసి గోడకి నేరుగా పెట్టాడు. ఒక మానిటర్ పీకేసి ఒక్కదాంతో నడిపాడు. ఏం చేసినా ఆరుతూనే ఉంది. చివరికి మొత్తం తన కొట్టుకి పట్టుకెళ్లి రెండు రోజులు వెలిగించి ఉంచాడు.

"ఒక్కసారి కూడా ఆరలేదండీ. వస్తువులో లోపం లేదు" అన్నాడు తిరిగి తెచ్చి. వెళ్తూ వెళ్తూ రేష్మాకి చెప్పాడు: "ఆరినప్పుడల్లా టైము రాసుకోమ్మా. అప్పుడేం జరుగుతోందో పక్కన రాయి."

వస్తువులో లోపం లేకపోతే మనిషిలో ఉన్నట్టే. సీతామహాలక్ష్మికి ఇంక రుజువు అక్కర్లేకపోయింది. అయినా పరీక్షలు మానలేదు. దగ్గుతూ లేచి చూసింది. ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ లేచింది. చటుక్కున లేచింది. తెరలు నల్లబడటం, రేష్మా నిట్టూర్చి చిన్న నోటుపుస్తకంలో ఏదో గీకడం, ప్రతిసారీ ఇదే తంతు. ఒకరోజు మాత్రం బయటినుంచి చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి వెనక నిలబడింది. తెరలు ఆరలేదు, హారం కొలికిపూసే కనిపించింది. ఇంకొకరైతే మనసు తేలికపడి కాఫీ తాగేవాళ్లు. ఈవిడకి ఒళ్లు మండింది. అమ్మో, చెప్పుల్లేని అడుగుల చప్పుడు కూడా పసిగట్టి ముందే సర్దేసిందే అనుకుంది. పచ్చకామెర్ల కంటికి పాలు కూడా పచ్చనే.

శుక్రవారం సాయంత్రం చెప్పేసింది. "రేపట్నించి రాకమ్మా."

  రేష్మా నోటుపుస్తకం బల్లమీద పెట్టి, "ఇది ఆంజనేయులుగారికి ఇవ్వండి, పనికొస్తుంది" అని బస్సుకి వెళ్లిపోయింది.

ఎవరెవరికి ఏమేం అమ్మిందో దొరుకుతుందని సీతామహాలక్ష్మి ఆత్రంగా పేజీలు తిప్పింది. తేదీ, వేళ, అప్పుడేం జరిగింది. మొదటి రోజు ఎదురుగా రకరకాలుగా ఉంది. ఫ్యాను వేశాను. ఫోన్ మోగింది. ఏమీ లేదు. రెండో రోజు మధ్యాహ్నం నుంచి ఒకటే మాట.

లేచారు. లేచారు. లేచారు.

నాలుగు పేజీలు అదే. పది గంటల పది నిమిషాలకి లేచారు. పది పద్దెనిమిదికి లేచారు. పదిన్నరకి లేచారు.

అటుపక్క తెరలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. ఆవిడ కుర్చీలోంచి లేచింది. నల్లబడ్డాయి. కూర్చుని, అవి వెలిగాక మళ్లీ లేచింది. మళ్లీ నల్లబడ్డాయి. గదిలో రేష్మా లేదు. ఆంజనేయులికి ఫోన్ చేసింది.

"ఆ కుర్చీ కింద గ్యాసు గొట్టం ఉంటదండీ. మనిషి లేవగానే సీటు పైకి తంతది. అప్పుడు కాస్త కరెంటు చిమ్ముద్ది. పక్కనే డాక్ తీగ ఉందిగా, దానికి తగిలి ఆరిపోతది. నాకు తట్టలేదు చూడండి" అన్నాడు.

సిగ్గుతో ఆవిడకి చెవులు వేడెక్కాయి. వెంటనే రేష్మాకి ఫోన్ కలిపింది.

"తెలిసి కూడా చెప్పలేదేంటమ్మా?"

"ఎట్లా చెప్పనండీ? మీరు లేవడం వల్లేనని చెబితే, ఎందుకు లేస్తున్నారో నాకు తెలుసని కూడా చెప్పినట్టే గదా. ఏడేళ్లు మీ దగ్గర చేశాక ఆ మాట నా నోటితో అనలేకపోయాను."

"తప్పు నాదేనమ్మా. రేపు పొద్దున్నే వచ్చెయ్యి. ఆ కుర్చీ అవతల పారేయిస్తాను."

"కుర్చీ మారిస్తే తెరలు ఆరవండీ" అంది రేష్మా నెమ్మదిగా. "మీరు లేవడం మాత్రం మానరు."

అదేం లేదమ్మా, ఒట్టు అనబోయి సీతామహాలక్ష్మి ఆగిపోయింది. రేష్మా వెనక ఎవరిదో మగగొంతు వినబడుతోంది. అది గుడివాడ కొట్టువాడి గొంతేమోనని ఆవిడ అప్పటికే ఫోన్ చెవికి గట్టిగా అదిమిపెట్టి, ఊపిరి బిగబట్టి వింటోంది.