కాపుకు రాని దారాలు

పుట్టగొడుగుల షెడ్డులో విత్తనం గది వదినది. పేరుకే గది. ఒక బల్ల, ఒక స్పిరిటు దీపం, అలమారు నిండా సీసాలు. సీసాల్లో తెల్లటి బూజు దారాలు పాకుతుంటాయి. పుట్టగొడుగు అసలు ఒళ్లంతా ఆ దారమే, మనం కోసుకు తినేది దాని కాయ మాత్రమే. మొగుడు ఏరి తెచ్చిన రకాన్ని, ఆయన పోయిన ఈ పదకొండేళ్లూ ఆవిడే బతికించింది. నెలకోసారి దారం కొసన, కొత్తగా పాకుతున్నచోట, గోరంత ముక్క కోసి వేరే సీసాలో పెట్టాలి. ఆయన వదిలి వెళ్లినవాటిలో ప్రాణమున్నది అదొక్కటే.

ఆ నెల కొన్ని సీసాల్లో దారం దారి తప్పింది. చెట్టు వేళ్లలా సన్నగా సాగాల్సింది దూదిలా ఉబ్బింది. వాటిని పారేద్దామని పక్కన పెట్టింది. షెడ్డు నడిపే మరిది చూసి మురిసిపోయాడు.

“అబ్బ, ఎంత గుబురుగా ఉందో! వీటినా వదినా పారేస్తానంటున్నారు?”

“అదంతా పైన పటారం, లోన లొటారం అబ్బాయ్. ఒళ్లు పెంచుకుంటుంది గానీ కాపుకు రాదు. మీ అన్న సన్నదారమే ఉంచేవాడు.”

“అన్న కాలం వేరు. ఆ ఈనెపుల్లలు ఎవరిక్కావాలి?”

నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. సన్నదారం సీసాలన్నీ కడిగించేశాడు. దూది రకాన్నే గింజల మీద పెంచి ఆరువందల గడ్డి సంచులకు ఎక్కించాడు.

పదిహేను రోజులకల్లా సంచులు తెల్లగా నిండాయి. మరిది మీసం మెలేశాడు. ఇరవై రోజులైంది, ముప్ఫై అయింది. ఒక్క మొగ్గ పొడిస్తే ఒట్టు! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కూలీలందరి ముందూ నింద వదిన మీదికి నెట్టాడు.

“ఆవిడ చెయ్యి మంచిది కాదు. ఇక ఆ గదిలోకి రావద్దని చెప్పండి.”

ఆవిడ అక్కడే నిలబడి ఉంది.

వారం తిరక్కుండా ఆవిడ ఇంటి పెరటి గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

“వదినా, సన్నదారం సీసా ఒకటివ్వండి. మీరిచ్చారని మాత్రం ఎవరికీ తెలియకూడదు, నా పరువు పోతుంది.”

“నా దగ్గరెక్కడిది?”

“ఇన్నేళ్లలో ఒక్కటైనా ఇంటికి తెచ్చుకోకుండా ఉంటారా? ఎవరైనా అదే చేస్తారు.”

“రకం బయటికి పోతుందని రోజూ సాయంత్రం గేటు దగ్గర నా సంచీ, చెంగూ తడిమించావు కదరా! ఏనాడైనా ఏమైనా దొరికిందా?”

అతను నమ్మలేదు. ఫ్రిజ్ తెరిచి చూశాడు. మంచం కింద వంగి చూశాడు. ఆవిడ ఆపలేదు. ఎలాగూ దొంగనే అనుకున్నారే, ఆ దొంగతనమేదో చేసి ఉంటే ఆయన రకం ఇవాళ ఈ ఇంట్లో బతికి ఉండేది కదా అని అప్పుడు తట్టింది. మరిది చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

“నా నీతి తగలెయ్య!” అంటూ ఆవిడ తెరిచిన ఫ్రిజ్ ముందే కూలబడి ఏడ్చింది.