తాళాల్లేని కోట

ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, గడియారాల కొట్లోనే పాచికలతో కథ నడిపే ఆట ఆడుకునేవాళ్ళు నలుగురూ: గడియారాలు బాగుచేసే ఆయన, ఆయన భార్య, పక్క కొట్టు టైలరు, కథ చెప్పే బావమరిది. కథలో మిగతా ముగ్గురికీ తలా ఒక పాత్ర. దానికి బలమెంత, తెలివెంత, చేతి నేర్పెంత అన్నది మొదటిరోజే పాచికలు తేల్చేస్తాయి. ఆ అంకె అట్టముక్క మీద రాసుకున్నాక బ్రహ్మరుద్రాదులు దిగొచ్చినా మార్చకూడదు. గడియారాలాయన పాత్ర ఒక దొంగ. బలం అంతంతమాత్రం, చేతి నేర్పు మాత్రం పద్దెనిమిదికి పదిహేడు. వాడు తియ్యలేని తాళం లేదని టైలరు కుళ్ళుకునేవాడు.

ఈమధ్య పక్షవాతం వచ్చి ఆయన కుడి చెయ్యి పడిపోయింది. పనిముట్ల మీద కప్పిన గుడ్డ తియ్యనే లేదు. ఎలాగో మళ్ళీ ఆటకు కూర్చున్నాడు. చూస్తే, కథలో దొంగ దూరిన కోటలో ప్రతి తలుపూ బార్లా తెరిచే ఉంటోంది. ఖజానాకు గొళ్ళెం కూడా లేదు.

"ఏరా, ఈ రాజుగారికి తాళం కొనే స్తోమత లేదా?"

బావమరిది తల దించుకున్నాడు. "అది కాదు బావా... నువ్వు బాధపడతావేమోనని."

"పడిపోయింది నా చెయ్యిరా, ఆ దొంగవాడిది కాదు. ఆ పదిహేడు కూడా నాకు లేకుండా చేస్తావా?"

ప్రేమ కొద్దీ చేసిన పనే. అయినా ఆయనకు మాత్రం బతికుండగానే పక్కన పెట్టేసినట్టనిపించింది.

బావమరిది తర్వాతి తలుపుకు తాళం వేశాడు. ఆయన ఎడం చేత్తో పాచిక విసిరాడు. రెండే పడింది. అంత తక్కువ పడితే పదిహేడు కూడా ఆదుకోలేదు. తాళంలోంచి విషపు సూది దూసుకొచ్చి దొంగకు గుచ్చుకుంది.

గాయం ఎక్కడ తగిలిందో పక్కన కూర్చున్నవాళ్ళు పాచిక వేసి తేల్చాలి. ఆ బల్ల దగ్గర అది కట్టుబాటు. భార్య వేసింది. చూసి, గబుక్కున దాని మీద అరచెయ్యి మూసేసింది.

"తియ్యి."

"మళ్ళీ వేస్తానండీ."

ఆయన ఆమె చేతిని మెల్లగా పక్కకు జరిపాడు. అయిదు. అయిదంటే కుడి చెయ్యి.

టైలరు మంచినీళ్ళ వంకతో లేచాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు. ఆయన బావమరిది వైపు తిరిగాడు.

"వాడికి ఎడం చెయ్యి ఉందిగా. దాంతో తీస్తే ఆ పదిహేడులో ఎంత తగ్గిస్తావు?"

"చాలా తగ్గించాలి బావా."

"తగ్గించు," అని ఆయన పాచిక అందుకున్నాడు.