మొదటి గరిటె

ఆ ఇంటి మగవాళ్లు రెండింటిని చూసుకుని మురిసిపోయేవాళ్లు. ఒకటి ఒంటి రంగు, రెండోది ఇనుప గరిటె. నలభై దాటేసరికి వాళ్ల ఒళ్లు తోమిన రాగిచెంబులా మారేది. ఎండనపడి తిరిగేవాళ్లయితే వింతలేదు. వీళ్లు పొద్దస్తమానం టానిక్ కొట్టులో నీడపట్టున కూర్చునే ఆ రంగు సంపాదించారు. "మా వంశం రంగు" అని చొక్కా చేతులు మడిచి మరీ చూపించేవాళ్లు. ఆ వంశంలో ఒక్క మగాడూ అరవై చూడలేదన్న సంగతి మాత్రం ఎవరూ చేతులు మడిచి చూపించలేదు.

ఇక గరిటె. కొట్టు వెనకగదిలో పెద్ద ఇనుప డేగిశా ఉంది. రక్తం పట్టే టానిక్ అందులోనే కాచి, సీసాలకెత్తి అమ్ముతారు. కొత్తగా కాచిన ప్రతిసారీ ఇంటి పెద్ద మగాడు గరిటెడు ముంచి, నిమ్మకాయ పిండుకుని, కొనడానికొచ్చినవాళ్ల ముందు గడగడా తాగి మూతి తుడుచుకోవాలి. కాచినవాడే తాగి చూపిస్తే తప్ప కొనేవాడికి నమ్మకం కుదరదని తాత పెట్టిన నియమం. ఆడవాళ్లకు మాత్రం చుక్క పోసేవాళ్లు కారు. వాళ్లకు వేడి చేస్తుందట. రక్తం చాలక కళ్లు తిరిగి పడిపోయిన కోడళ్లకు కూడా వేడి చేస్తుందనే చెప్పారు. ఆ డేగిశా తోముతూనే ఆ ఆడవాళ్లు భర్తల్ని సాగనంపి, ఎనభై దాటి బతికారు. ఎందుకలా జరుగుతోందని అడగడానికి ఆ ఇంట్లో బుర్రున్న మగాడు పుట్టలేదని చెల్లెలి అభిప్రాయం.

చెల్లెలంటే ఇప్పటి కొట్టు యజమానికి తోడబుట్టినది. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. అన్నని వీధిలో అందరూ రాగిరాజు అంటారు. ఆయన ఆ పేరుకు నిజంగానే ఉప్పొంగిపోతాడు. అన్నంటే ఆవిడకు ప్రేమ లేకపోలేదు, గౌరవమే లేదు. ఆ రెండూ వేరని ఆవిడకు చిన్నప్పుడే తెలిసిపోయింది.

ఆ ఏడు రాగిరాజుకు కుడిచెయ్యి పిడికిలి బిగుసుకోవడం మానేసింది. ఎవరైనా చెయ్యి కలిపితే చూపుడువేలి మెటికలో నొప్పి పుట్టి ముఖం వంకర పోయేది. షుగరొచ్చింది. మధ్యాహ్నమైతే గల్లాపెట్టె మీదే తల వాల్చి నిద్రపోయేవాడు. వదిన పోరు పెట్టి పెద్దాసుపత్రికి లాక్కెళ్లింది. అక్కడ రకరకాల పరీక్షలు చేసి, తోడబుట్టినవాళ్లకీ చెయ్యాలంటే చెల్లెలూ చెయ్యి చాపి రక్తమిచ్చింది. ఫలితాలొచ్చిన రోజు ముగ్గురూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు.

"మీ అమ్మగారి నుంచి ఒకటి, నాన్నగారి నుంచి ఒకటి, లోపమున్న జన్యువులు రెండు మీకూ మీ చెల్లెలికీ వచ్చాయి," అంది డాక్టరమ్మ. "మామూలు ఒళ్లు తిండిలోంచి కావలసినంత ఇనుమే తీసుకుని మిగతాది వదిలేస్తుంది. మీ ఒంటికి చాలు అనడం తెలీదు. పీల్చుకున్నదంతా కాలేయంలో, కీళ్లలో, గుండెలో, చర్మంలో పేరుస్తూ పోతుంది. మీ రంగు అదేనండి."

"అంటే నేను ఉక్కు మనిషినన్నమాట!" అన్నాడు రాగిరాజు. తనే నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

తర్వాత ఆయనకు అనుమానమొచ్చింది. "మరి దీనికీ అవే రెండూ ఉన్నాయంటున్నారుగా? ఇది గుండ్రాయిలా ఉందే!"

"జన్యువులు ఒకటే అయినంత మాత్రాన జబ్బు ఒకేలా ముదరదు. ఆవిడకు నెలనెలా రక్తం పోయింది. ముగ్గురు పిల్లల్ని కన్నారు. ఫ్యాక్టరీలో రక్తదానం పెట్టినప్పుడల్లా ఇచ్చారు. మందు ముట్టరు. ఇప్పుడు నెలసరి ఆగింది కాబట్టి ఆవిడకూ మెల్లిగా పెరుగుతోంది, గమనించుకోవాలి. మనకింకా తెలియని జన్యువులు కూడా ఒకరిలో పెంచుతూ ఒకరిలో తగ్గిస్తూ ఉండొచ్చు. తెలిసినవి మాత్రం మీ చేతిలోనే ఉన్నాయి. ఇనుము టానిక్ తాగుతున్నారు. అందులో నిమ్మరసం పిండుతున్నారు, అది ఇనుమును ఇంకా లోపలికి లాగుతుంది. పైన రోజూ బ్రాందీ. కాలేయం గట్టిపడటం మొదలైంది. ఇవన్నీ ఆపేసి, వారం వారం రక్తం తీయించుకుంటే ఇక్కడితో ఆగొచ్చు. లేదంటే మీ నాన్నగారి దారే."

నాన్నగారి దారంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు. కడుపు కుండలా ఉబ్బి, కళ్లు పచ్చబడి, చివరికి కూతుర్ని కూడా గుర్తుపట్టలేదాయన.

"మీకో అమ్మాయి ఉందన్నారు," అని డాక్టరమ్మ ఆగింది. "మీ నుంచి తనకొకటి వచ్చే ఉంటుంది. ఒక్కటైతే మామూలుగా భయం లేదు. అమ్మ నుంచి కూడా ఇంకొకటి వచ్చిందేమో చూడాలి. మీరిద్దరూ బంధువులా?"

"దూరపు చుట్టాలమండీ," అంది వదిన. "మా చిన్నాన్నదీ ఇదే రంగు."

"అయితే ఇద్దరూ తొందరగా పరీక్ష చేయించుకోండి."

ఇంత చెబితే రాగిరాజు చెవిలో దూరింది ఒకే ఒక్క ముక్క. మెట్లు దిగుతూనే అందుకున్నాడు. "విన్నావుగా? తెలియని జన్యువులున్నాయంది. అంతా రాసిపెట్టి ఉంటుందే. మన చేతిలో ఏముంది?"

"నీ చేతిలో గ్లాసుంది అన్నయ్యా. అది కూడా జన్యువులే పట్టించాయా?"

"నువ్వు పెద్ద రక్తదాతవి మరి!"

"బిస్కెట్లకీ పూటసెలవుకీ ఇచ్చానులే. నాకేం గొప్పల్లేవు," అంది చెల్లెలు. అది నిజమే.

కానీ రాగిరాజుకు గొప్పలకంటే ప్రాణం తీపి. నాలుగు రోజులు కోతలు కోసి, ఐదోరోజు ఆసుపత్రి పెరటి గుమ్మంలోంచి పిల్లిలా దూరి రక్తం తీయించుకున్నాడు. బ్రాందీ మానేశాడు. వదిన ఫోన్ చేసి చెబితే చెల్లెలు కుట్టుమిషన్ ఆపి కళ్లు తుడుచుకుంది. మెటికల నొప్పి ఉండిపోయినా, మధ్యాహ్నం నిద్రలు తగ్గాయి. మనిషి తేరుకున్నాడు. అన్నకు బుద్ధొచ్చిందని కొన్నాళ్లు ఆవిడ పొరపాటు పడింది.

ఎటొచ్చీ గరిటె మిగిలింది. కొత్తగా టానిక్ కాచి దించినప్పుడు ఒకసారి గొంతు బాగాలేదన్నాడు, ఇంకోసారి ఉపవాసమన్నాడు. కొనేవాళ్లు గుసగుసలాడటం మొదలుపెట్టారు. నాకు ఒంట్లో ఇనుము ఎక్కువైంది, నేను తాగకూడదు, మీలో రక్తం తక్కువున్నవాళ్లు పరీక్ష చేయించుకుని తాగండి, అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ ఒక్క మాటకు ఆయన నాలుక తిరగలేదు. దాని బదులు గొప్ప ఉపాయం కనిపెట్టాడు.

"మన అమ్మాయికి గరిటె అప్పజెబుతున్నారు," అని వదిన ఫోన్‌లో నసిగింది. "వంశంలో మొదటి ఆడపిల్లట. రేపు పొద్దున్నే. అందరినీ పిలిచారు."

"పరీక్ష చేయించారా దానికి?"

లేదంది వదిన. "ఆడపిల్లకేం కాదు, మేనత్త బాగానే లేదా అన్నారు. నన్ను కూడా పరీక్షకు వెళ్లనివ్వలేదు."

చెల్లెలికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన ప్రాణం దాచుకోవడానికి ఇనుమంతా మానేసిన మనిషి, అదే గరిటె కూతురి నోటికి అందిస్తున్నాడు. పైగా దానికి ఆడవాళ్ల అభ్యుదయమని పేరు! అంతకంటే నీచం ఆవిడకు ఊహకందలేదు.

మర్నాడు ఆవిడ వెళ్లేసరికి కొట్టు కిటకిటలాడుతోంది. మేనకోడలు కొత్త చీర కట్టుకుని డేగిశా పక్కన నిలబడింది. సీసాల లెక్కలూ ఆర్డర్లూ కొన్నేళ్లుగా ఆ పిల్లే చూస్తోంది. ఆడవాళ్లను తోమడానికి తప్ప పిలవని చోటికి పిలిచారని దాని ముఖం వెలిగిపోతోంది. నాన్నకు షుగరనీ కాలేయమనీ తప్ప ఇంకేమీ చెప్పలేదు దానికి. రాగిరాజు చొక్కా చేతులు మడుచుకుని, కాలం మారిందనీ, కూతురూ కొడుకూ ఒకటేననీ ఉపన్యాసం దంచుతున్నాడు. నిమ్మకాయ కూడా తనే పిండాడు.

మేనకోడలు గరిటె ఎత్తింది.

"ఆగవే తల్లీ," అంది చెల్లెలు, జనాన్ని తోసుకుని ముందుకొచ్చి. "ముందు మీ నాన్నని తాగమను. కాచినవాడే తాగాలని కదా మీ తాతల నియమం."

"శుభమా అని పిలిస్తే ఏమిటే ఈ గొడవ?" అన్నాడు రాగిరాజు. రాగిరంగు మీద కూడా ఎరుపు తెలిసింది.

"గొడవేముంది అన్నయ్యా? ఒక్క గరిటె. మంచిదైతే తాగు. నీ తర్వాత అది తాగుతుంది, దాని తర్వాత నేనూ తాగుతాను."

"అవునవును, పెద్దాయన తాగితేనే అందం," అన్నారు వెనక నుంచి ఎవరో.

మేనకోడలు నవ్వుతూ గరిటె తండ్రికందించింది. "తాగు నాన్నా. నువ్విస్తే నేను పుచ్చుకున్నట్టుంటుంది."

రాగిరాజు గరిటె అందుకున్నాడు. వేళ్లు సరిగా ముడుచుకోక రెండు చేతులా పట్టుకున్నాడు. పెదాల దాకా తెచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. ఆయన కళ్లముందు నాన్న కడుపే కదిలి ఉంటుంది. గరిటె ఒరిగి టానిక్ చొక్కా మీద ఒలికింది. మళ్లీ ఎత్తబోయాడు, ఎత్తలేకపోయాడు. చెల్లెలికి గెలిచానన్న సంబరం రాలేదు. అన్న చేతుల మీంచి మాత్రం కళ్లు తిప్పుకోలేదు.

మేనకోడలి నవ్వు మెల్లిగా పోయింది. తండ్రి ముఖంలోకీ, గరిటెలోకీ, మళ్లీ తండ్రి ముఖంలోకీ చూసింది. తల్లి అప్పటికే కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"అత్తా, నాన్నకేదో పరీక్ష చేశారట కదా. అది నాకెక్కడ చేస్తారు?"

"పద, నేను తీసుకెళ్తాను. మీ అమ్మ కూడా వస్తుంది."

"ఆగు తల్లీ," అన్నాడు రాగిరాజు కూతురితో, గొంతు తగ్గించి. "అందరూ చూస్తున్నారు."

"నేనూ చూశాను నాన్నా," అంది కూతురు.

ముగ్గురాడవాళ్లూ కొట్టు మెట్లు దిగారు. కాలేయం కుదుటపడుతున్న ఆ మనిషి, నిమ్మరసం పిండిన గరిటె రెండు చేతులా పట్టుకుని, దాన్ని ఎవరికివ్వాలో తెలియక అలాగే నిలబడ్డాడు.